పిల్లల బ్యాగుకు పర్సనల్ అలారం: కొనే ముందు, కొన్నాక

పిన్ను లాగితే మోగే ఈ చిన్న అలారం పనికొచ్చే వస్తువే. అయితే మోత వినగానే ఎవరు బయటికి రావాలో, ఎవరు పోలీసులకు ఫోన్ చేయాలో ఇరుగుపొరుగు ముందే అనుకుని ఉండాలి. లేదంటే ఏదో కారు అలారమనుకుని ఎవరూ కదలరు.

పెట్టె మీద సాధారణంగా 120 నుంచి 140 డెసిబెల్స్ అని రాస్తారు. ఎంత దూరంలో కొలిచారో చెప్పకపోతే ఆ అంకెను నమ్మొద్దు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. చెవి దగ్గర మాత్రం మోగించనివ్వకండి, వినికిడి దెబ్బతింటుంది.

బటన్ రకం కన్నా పిన్ను రకమే మా ఓటు. కంగారులో బటన్ వేలికి దొరకదు. అలారాన్ని బ్యాగు లోపల పడేస్తే దండగే. భుజం పట్టీకి ఛాతీ ఎత్తులో తగిలించాలి. పిన్ను తాడు పొడవుగా వేలాడితే తలుపులకు తగులుకుని ఊరికే మోగుతుంది. అలా నాలుగుసార్లు మోగితే జనం పట్టించుకోవడం మానేస్తారు.

బ్యాటరీ మూతకు స్క్రూ లేనిది కొనకండి. పసిపిల్లలు లోపలి బటన్ సెల్ (నాణెంలా ఉండే చిన్న బ్యాటరీ) మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పిన్ను లాగడం, అలారాన్ని దూరంగా విసరడం, జనం ఉన్నవైపు పరుగెత్తడం: ఈ వరుసను చిన్నపిల్లలతో సాధన చేయించే పని టీనేజర్లకు అప్పగించండి, బాగా చేస్తారు. నెలకోసారి అందరి అలారాలూ పరీక్షించడం కూడా వాళ్లకే ఇవ్వొచ్చు. మోత విని అటు పరుగెత్తే పని మాత్రం పెద్దలదే.