రోడ్స్ షేప్ వీ గిటార్: ఏడేండ్లు వాయించినంక నా మాట

2018 జూన్‌ల కొన్న ఈ ఎలక్ట్రిక్ గిటార్. అప్పటిసంది నాతోని నల్లగొండ నుంచి మిర్యాలగూడ, హాలియా, దేవరకొండ, అటు జడ్చర్ల, నాగర్‌కర్నూల్ దాక తిరిగింది, చర్చిల ఆదివారం ఆరాధన, డిసెంబర్ నెలంత క్రిస్మస్ ప్రోగ్రాంలు, వినాయక నవరాత్రులల్ల ఆర్కెస్ట్రా, పెండ్లి రిసెప్షన్లు, అన్నీ చూసింది. నెలకొకరన్న అడుగుతరు, "అన్నా, వీ షేప్ తీసుకుందామనుకుంటున్న, బాగుంటదా" అని. బాగుంటది అని ఊరికెనే చెప్పబుద్ధి కాదు, అడిగేటోడు ఎట్ల కూసుంటడు, ఎంతసేపు నిలబడ్తడు, గిటార్ దేనిమీద ఏసుకొని పోతడు అన్నది తెల్వకుంట జవాబు చెప్తే వాని పైసలు నేను ఆగం చేసినట్టే. కంపెనీ పేరు రాస్తలేను, నేను చెప్పేయి చాలామట్టుకు షేప్‌కు ఉండే సంగతులు, ఏ కంపెనీది కొన్నా ఇయ్యే వస్తయి.

రోడ్స్ షేప్ అంటే తెల్వనోళ్లకు: వీ అక్షరం లెక్కనే ఉంటది గాని మీది రెక్క పొడుగు, కింది రెక్క పొట్టి. అసలు వీ 1958లది, గిబ్సన్ కంపెనీ ఫ్లయింగ్ వీ, ఎక్స్‌ప్లోరర్ అనే ఇంకో కోసు షేప్ రెండూ ఆ ఏడాదే కొరీనా అనే కట్టెతోని చేసి తెచ్చింది, అప్పట్ల ఎవ్వరు పట్టించుకోలే, మొదటి రెండేండ్లల్ల ఫ్లయింగ్ వీలు వంద కూడ పోలే. ఆల్బర్ట్ కింగ్ లాంటి బ్లూస్ ఆయన ఎడమ చేత్తోని తిప్పి పట్టుకొని వాయించుకుంట దాని ఇజ్జత్ నిలబెట్టిండు. తర్వాత 1980 చివర్ల ఓజీ ఆస్‌బోర్న్ బ్యాండ్‌ల గిటార్ వాయించే రాండీ రోడ్స్ పోయి గిటార్లు చేసే గ్రోవర్ జాక్సన్‌ను కలిసి, నాకు గిట్ల కావాలె అని చెప్పి చేయించుకున్నదే ఈ పొట్టి పొడుగు రెక్కల గిటార్. రెండేండ్లు కూడ కాకముందే 1982 మార్చిల విమాన ప్రమాదంల ఆయన పోయిండు, పాతికేండ్ల పిలగాడు, ఆ షేప్ మాత్రం ఇయ్యాల్టికి ఆయన పేరు మీదనే అమ్ముడుపోతది.

ఇగ అసలు ముచ్చట, కూసునుడు. మామూలు గిటార్‌కు నడుం ఉంటది, అది తొడ మీద కుదురుతది. వీకి నడుం లేదు. మామూలుగ తొడ మీద పెడితే జర్రుమని జారి కిందికి పోతది, షాపుల చూసేటోళ్లు అక్కడనే బెదిరిపోయి వద్దులే అంటరు. దాన్ని పట్టుకునే తీరు వేరే ఉన్నది: కుడి తొడ రెండు రెక్కల నడుమ సందుల రావాలె, పొట్టి రెక్క రెండు కాళ్ల మధ్యలకు పోవాలె, అప్పుడు నెక్, అంటే గిటార్ మెడ, మీదికి లేస్తది, గిటార్ తలకాయ దాదాపు మన కంటి ఎత్తుకు వస్తది. క్లాసికల్ గిటార్ నేర్చుకున్నోళ్లు చిన్న పీట మీద కాలు పెట్టుకొని కూసుంటరు చూడుండ్రి, అట్లనే. నాకైతే ఇది వరం అయ్యింది. అంతకుముందు మామూలు షేప్ గిటార్‌ల గంట సేపు బారె కార్డులు (ఒక్క వేలితోని తీగలన్నీ వత్తి పట్టేటియి) పట్టుకుంటే ఎడమ మణికట్టు లోపల గుంజుడు మొదలయ్యేది, వీ మీద మణికట్టు అంత వంగాల్సిన పని లేదు, నెక్కే చేతి దిక్కు వస్తది. ఏడేండ్లల్ల ఆ నొప్పి మళ్ల రాలే. 15వ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగ ఉండే ఇనుప గీత) దాటినంక కూడ చెయ్యికి ఏదీ అడ్డం రాదు, 20, 22 దాక బొటనవేలు నెక్ ఎనకాలనే ఉంటది. సోలోలు వాయించేటోళ్లకు ఆ సుఖం మాటలల్ల చెప్పలేను.

అయినా జారుడు పూర్తిగ పోదు. 1958ల గిబ్సనోళ్లు కూడ కింది అంచుకు గీతలు గీతలున్న రబ్బరు పట్టీ అతికిచ్చిండ్రు, అంటే ఇది జారుతదని చేసినోళ్లకు మొదాలే తెలుసన్నట్టు. నా దానికి లేదు. సైకిల్ షాపుల పాత ట్యూబ్ ముక్క అడుక్కొని, జానెడు పొడుగు, రెండు వేళ్ల వెడల్పు కత్తిరిచ్చి, సబ్బు నీళ్లతోని పౌడర్ అంత పోయేదాక కడిగి, రెండు దిక్కుల అంటుకునే టేపుతోని పొట్టి రెక్క లోపలి అంచుకు అతికిచ్చిన. ఆ రోజు నుంచి గిటార్ తొడకు పట్టుకొని కూసున్నది. ఏడాదికోసారి టేపు మారుస్త, అంతే. ఒక్కటి జాగ్రత్త, పాత తీరు నైట్రో లక్కర్ పాలిష్ ఉన్న గిటార్‌కు రబ్బరు తగిలిస్తే పాలిష్ మెత్తబడి మరక పడ్తది, నాది గట్టిగ ఉండే పాలీ పాలిష్ కాబట్టి ఏం కాలే.

మన దిక్కు ఇంకో సంగతి చూసుకోవాలె, ఇది ఎవ్వరు చెప్పరు. ఊర్లల్ల ప్రార్థన కూటాలు, భజనలు, రిహార్సల్స్ అంటే జంపఖానా పరిచి కింద కూసునుడే. సక్లం ముక్లం పెట్టుకొని వీ వాయించుడు చానా కష్టం, పొట్టి రెక్క కొస పోయి నేలకు తన్నుతది, నెక్ పక్కకు పడిపోతది. నేను ఏడేండ్ల సంది ఏ ఊరికి పోయినా ముందుగాల స్టూల్ అడుగుత, పెద్దమనుషులంత కింద కూసుంటే నేనొక్కన్ని మీద కూసునుడు మొదట్ల మనసుకు మంచిగ అనిపియ్యలే, ఒక పెద్దాయననే "ఏం గాదు బిడ్డా, వాయిద్యం కోసమే గదా, కూసో" అన్నంకనే నిమ్మళమైన. మీరు ఎక్కువ కిందనే కూసొని వాయించేటోళ్లయితే వీ గురించి రెండుసార్లు ఆలోచించుండ్రి.

నిలబడి వాయించెటప్పుడు కష్టం వేరే ఉంటది. స్ట్రాట్ (ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్) లాంటి గిటార్‌కు మీద కొమ్ము పొడుగుగ 12వ ఫ్రెట్ దాక వస్తది, బెల్టు బటన్ దాని కొసకు ఉంటది, అందుకే తూకం సమానంగ ఉంటది. వీకి ఆ కొమ్ము లేదు, బటన్ ఎనకాల నెక్ అతికిచ్చిన కాడ ఉంటది. చెయ్యి ఇడిస్తే తలకాయ నేల దిక్కు వంగుతది. కిరాణం షాపు కాంట మీద పెడితే నాది 3 కిలోల 300 గ్రాములు, బరువు పెద్దగ ఏం లేదు, కాని ఎడమ చెయ్యి నెక్‌ను మోసుకుంట వాయించాల్సి వస్తే రెండు గంటల ప్రోగ్రాంల భుజం పడిపోతది. నైలాన్ బెల్టు వాడినన్ని రోజులు ఇదే బాధ. మూడు అంగుళాల వెడల్పు తోలు బెల్టు, లోపలి దిక్కు గరుకుగ ఉండేది తెచ్చినంక అంగికి పట్టుకొని జారుడు ఆగింది. షాపుల గిటార్ చూసెటప్పుడు నిలబడి, బెల్టు ఏసుకొని, రెండు చేతులు ఇడిసి చూడుండ్రి. ఇది చూడకుంట కొనొద్దు.

ఫ్లాయిడ్ రోజ్ అనే లివర్ ఉండే బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే ఇనుప భాగం) గురించి నా మనసుల ఉన్నదంత చెప్త. కోసు షేప్ గిటార్లు చానా వాటికి అది పెట్టి అమ్ముతరు, నాకు గూడ అదే వచ్చింది. తీగలు రెండు దిక్కుల తాళం ఏసినట్టు బిగించి ఉంటయి, ఆ లివర్‌ను ఎంత గుంజినా ఎంత వత్తినా శృతి అట్లనే ఉంటది, ఇది నూటికి నూరు పాళ్లు నిజం, పని గొప్పది. కాని మన ప్రోగ్రాంల తీరు వేరే. పాడే అక్క వచ్చి "ఇయ్యాల గొంతు బాగలేదు, అర మెట్టు కిందికి దించు తమ్ముడూ" అంటది, మామూలు బ్రిడ్జి అయితే రెండు నిమిషాల పని, ఫ్లాయిడ్‌కు ఒక్క తీగ దించితే మిగతా అయిదు మీదికి పోతయి, ఎందుకంటే ఒక దిక్కు తీగల గుంజుడు, ఇంకో దిక్కు ఎనకాల స్ప్రింగుల గుంజుడు, రెండిటి నడుమ బ్రిడ్జి తక్కెడ లెక్క ఏలాడుతుంటది. 2019 డిసెంబర్‌ల నకిరేకల్ దగ్గర ఒక ఊర్ల రాత్రి పదకొండింటికి పాట నడుమ సన్న తీగ టప్పుమని తెగింది, మిగతా తీగలన్నీ ఒక్కసారే శృతి తప్పినయి, పాట ఆగలే, కీబోర్డ్ తమ్ముడు నడిపిచ్చిండు, నేను స్టేజీ ఎనక మొబైల్ లైటు ఎలుగుల 3 ఎం.ఎం. ఎల్ కీ పట్టుకొని చెమటలు కక్కుకుంట ఇరవై నిమిషాలు కూసున్న. ఆ రాత్రి నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి.

మర్నాడు మా వీధిల వడ్లాయన దగ్గరికి పోయిన. ఎనకాల మూత ఇప్పి, స్ప్రింగులు ఉండే గుంతల బ్రిడ్జి దిమ్మెకు, కట్టెకు నడుమ సందు చూపిచ్చిన. ఆయన గిటార్ ఎన్నడు ముట్టలే, కాని ఆ సందును పుల్లతోని కొలిచి, టేకు ముక్క ఒకటి రంద పట్టి, పెట్టి చూసుడు, తీసుడు, మళ్ల కాగితమంత పొర గీకుడు, నాలుగోసారికి అది వేలితో వత్తితే సరిగ్గ పోయి కూసున్నది, అటు ఇటు కదల్లే. అంతే, బ్రిడ్జి ఎనకకు గుంజుడు బంద్, తీగ తెగినా మిగతాయి కదలయి. తీగ పక్కకు గట్టిగ గుంజెటప్పుడు బ్రిడ్జి ముందుకు లేవకుంట స్ప్రింగులు కూడ జర బిగించిన. పైసలు తీసుకోలే ఆయన. అందుకే ఆర్కెస్ట్రా, చర్చి వాయించేటోళ్లకు నా సలహా ఒక్కటే, అదే షేప్‌ల ఫ్లాయిడ్ లేకుంట తీగలు బాడీల నుంచి పోయే మాడల్ దొరుకుతది, ధర గూడ మామూలుగ తక్కువ, అది తీసుకోండ్రి. నాకు అప్పుడు ఎవ్వరు చెప్పలే.

సౌండ్ గురించి జాస్తి రాయను. రెక్కలు ఉంటే హెవీ మెటల్ పాటలే వాయించాలె అనుకునుడు తప్పు, సౌండ్ పికప్పులది (తీగల కింద ఉండి వాటి అదురును పట్టే అయస్కాంతం కాయిల్స్), ఆంప్లిఫయర్‌ది, చేతిది. హంబకర్ పికప్పులు ఉండుడు మాత్రం మన స్టేజీలకు మంచి లాభం, ఎందుకంటే జనరేటర్ కరెంటు, సీరియల్ బల్బులు, వీటి నడుమ సింగిల్ కాయిల్ గిటార్ జుయ్యిమని ఏడుస్తది, హంబకర్‌ల రెండు కాయిల్స్ ఎదురెదురు తిరిగి ఉండి ఆ జుయ్యి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయి. క్లీన్ సౌండ్‌ల నేను ఆరాధన పాటలు వాయిస్త, మెత్తగనే పలుకుతది.

తీస్కపోవుడు నిజంగ పెద్ద పని. మామూలు బ్యాగుల పట్టదు, దీని పెట్టె ఎడల్పు మంచమంత కాకపోయినా చిన్న తలుపంత ఉంటది. ఆర్టీసీ బస్సుల మీద సామాన్ల అరల పట్టలే, కండక్టర్ మంచోడైతే డ్రైవర్ ఎనకాల నిలబెట్టనిస్తడు, లేకపోతే హైదరాబాద్ దాక రెండు కాళ్ల నడుమ పెట్టుకొనుడే. బండి ఎనక కూసొని భుజానికి ఏసుకొని పోతే రెక్క కొస పక్క బండ్లకు తగుల్తది. పొడుగు రెక్క కొస మా ఇంటి దర్వాజకు తగిలి బియ్యం గింజంత పెచ్చు లేసింది, ఫెవిక్విక్, కార్ టచప్ పెయింట్‌తోని సర్దిన, దగ్గర్నుంచి చూస్తే తెలుస్తది. మామూలు స్టాండ్ మీద నిలబడదు, మెడ పట్టుకొని ఏలాడదీసే స్టాండ్ కొనాలె. గోడకు ఆనిచ్చి టైల్స్ మీద పెట్టొద్దు, జారుతది.

ఎండ సంగతి ఏ షేప్‌కైనా ఒక్కటే గాని నల్లగొండల చెప్పక తప్పదు. మే నెలల 43, 44 డిగ్రీలు కొడ్తది, నల్ల పెట్టె ఎండల పెడితే లోపల పొయ్యే. మొదటి ఎండకాలంల కట్టె ఎండి ఫ్రెట్ల కొసలు బయటికి పొడిసినయి, చెయ్యి జారిస్తే గీరుకునేది, సన్న ఆకురాయితోని నున్నగ చేయించిన. ఏడాదికి రెండుసార్లు మొదటి ఫ్రెట్, ఆఖరి ఫ్రెట్ వత్తి పట్టి ఏడో ఫ్రెట్ కాడ తీగ కింద సందు చూస్త, విజిటింగ్ కార్డు పట్టేంత ఉంటే ముట్టను, ఎక్కువైతే ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండే ఇనుప కడ్డీ) పావు తిప్పు తిప్పి ఒక రోజు ఆగుత.

మొన్న మిర్యాలగూడ నుంచి ఒక పిలగాడు వచ్చిండు, ఇంటర్ అయిపోయింది, వాళ్ల బాపు వడ్లు అమ్మిన పైసలల్ల ముప్పై వేలు ఇస్తనన్నడట. వీ కావాలె అని వచ్చిండు. నా వీ ఇచ్చి, మా బ్యాండ్‌ల ఇంకో తమ్ముని ఎక్స్‌ప్లోరర్ ఇచ్చి, ఒక్కొక్కటి అర్ధగంట కుర్చీల కూసోబెట్టి, మళ్ల అర్ధగంట నిలబెట్టిన. ఎక్స్‌ప్లోరర్ కోసుగనే ఉంటది గాని కింద తొడకు ఆనుతది, తొడ మీదనే మామూలుగ కూసుంటది, కుడి మోచెయ్యి మీది మూల మీద పడి రాసుకునుడు ఒక్కటే దానితోని ఇబ్బంది. గిబ్సన్ ఫ్లయింగ్ వీ, ఎక్స్‌ప్లోరర్ రెండిటికి తీగ పొడుగు 24.75 అంగుళాలు, రోడ్స్ షేప్ వాటికి మామూలుగ 25.5, తీగ జర బిగుతుగ ఉంటది. ఆ పిలగానివి పొట్టి వేళ్లు, బెండ్లు (తీగను పక్కకు గుంజి స్వరం పెంచుడు) ఎక్కువ గుంజుతడు, అదీగాక వాళ్ల ఊర్ల కిందనే కూసొని వాయిస్తరట. గంట దాటినంక వాడే అన్నడు, "అన్నా, చూసుడు వీనే చూడబుద్ధి అయితది గాని చెయ్యి దీని మీదనే ఆగుతుంది" అని ఎక్స్‌ప్లోరర్ ఒళ్లనే పెట్టుకున్నడు. వచ్చే నెల ఇద్దరం సికింద్రాబాద్ పోతున్నం, ఫ్లాయిడ్ లేనిదే చూస్తం, బెల్టు నేను ఇంటి నుంచే తీస్కపోత.

నా దానికి రెండో ఫ్రెట్ నుంచి అయిదో ఫ్రెట్ దాక సన్న తీగల కింద గుంతలు పడ్డయి, బెండ్ గుంజితే గరుకుమంటది. ఈ డిసెంబర్ ప్రోగ్రాంలు మొదలుగాక ముందే ఫ్రెట్లు మార్పియ్యాలె, అమ్ముడు మాత్రం అమ్మను.