పైథాన్ ఆర్గ్‌పార్స్: తప్పు ఇన్‌పుట్ ఇస్తే ఏం చేస్తుంది?

పైథాన్‌లో కమాండ్ లైన్ స్క్రిప్టు ఏది రాసినా ఏళ్లుగా ఆర్గ్‌పార్స్‌తోనే మొదలుపెడుతున్నాను. స్క్రిప్టు పేరు పక్కన కొట్టే ఆప్షన్లనీ విలువలనీ చదివి సరిచూసే లైబ్రరీ ఇది. 2010లో పైథాన్ 2.7తో పాటే వచ్చింది, విడిగా ఇన్‌స్టాల్ చేసే పని లేదు. నా స్క్రిప్టులు నడిపేది ఎక్కువగా పైథాన్ రానివాళ్లు. అందుకే తప్పు కొట్టినప్పుడు వాళ్లకి తెర మీద ఏం కనబడుతుందన్నదే నాకు ముఖ్యం.

అంకె అడిగిన చోట 'పది' అని రాస్తే చాంతాడంత ట్రేస్‌బ్యాక్ (కోడ్‌లో తప్పు ఎక్కడ జరిగిందో చూపే వరసలు) రాదు. వాడే పద్ధతి, ఆ కింద ఏ ఆప్షన్‌లో ఏ విలువ చెల్లలేదో, అంతే. అదీ స్టాండర్డ్ ఎర్రర్‌లోకి, అంటే తప్పుల సందేశాలకి ఉన్న వేరే దారిలోకి, పోతుంది కాబట్టి అవుట్‌పుట్‌ని ఫైల్లోకి మళ్లించినా డేటాలో కలవదు. పని జరగలేదని మిగతా ప్రోగ్రాములకి తెలిపే ఎగ్జిట్ కోడ్ 2 ఇస్తుంది. క్రాన్‌లో (వేళకి పనులు వాటంతటవే నడిపే సాధనం) పనులు పెట్టేవాళ్లకి దీని విలువ బాగా తెలుసు.

నాకు పేచీ దాని నోటితో కాదు, వడపోతతో. ఆప్షన్ విలువ ఏ రకమో చెప్పే టైప్‌గా బూల్ (ట్రూ లేదా ఫాల్స్) ఇచ్చి చూడండి: 'ఫాల్స్' అని కొట్టినా ట్రూ అయి కూర్చుంటుంది, ఖాళీ కాని స్ట్రింగ్ ఏదైనా పైథాన్‌కి ట్రూనే కదా! పైథాన్ 3.9లో వచ్చిన బూలియన్ ఆప్షనల్ యాక్షన్ వాడితే ఈ గొడవ ఉండదు. ఫ్లోట్ (దశాంశ సంఖ్య) అయితే 'నాన్' (సంఖ్య కాదు), 'ఇన్ఫ్' (అనంతం) లాంటివాటినీ సంఖ్యలుగానే లోపలికి వదిలేస్తుంది. ధర అడిగిన చోట అలాంటిది దిగితే మొత్తం లెక్క పోయినట్టే. (పూర్ణాంకాల టైప్ ఇంట్‌కి తెలుగు అంకెల్లో ౨౫ ఇచ్చినా 25గా తీసుకుంటుంది. ఇది మాత్రం ముచ్చటేసింది.)

అందుకని తనిఖీ ఫంక్షన్ మనమే రాసి టైప్‌కి ఇవ్వాలి. అక్కడా ఒక మెలిక. విలువ తప్పని చెప్పే మామూలు పైథాన్ ఎర్రర్, వాల్యూ ఎర్రర్, లేపితే మనం రాసిన సందేశాన్ని మింగేసి, దాని బదులు మన ఫంక్షన్ పేరు చూపిస్తుంది. 'చెక్_డేట్' అంటే వాడేవాళ్లకి ఏం అర్థమవుతుంది? ఆర్గ్‌పార్స్ సొంత ఎర్రర్ అయిన ఆర్గ్యుమెంట్ టైప్ ఎర్రర్ లేపితేనే మన మాట యథాతథంగా చేరుతుంది.

ఆప్షన్ పేరు సగం కొట్టినా, దానితో మొదలయ్యేది ఒక్కటే ఉంటే అదేననుకుని నడిచిపోతుంది. ఫైళ్లు చెరిపే స్క్రిప్టుల్లో ఇది నాకు బొత్తిగా నచ్చదు. అలౌ అబ్రివ్ అనే సెట్టింగ్‌ని ఫాల్స్ చేసి కట్టేస్తాను.

3.14లో దగ్గరి పేరు సూచించే సదుపాయం వచ్చింది. మనమే ఆన్ చేసుకోవాలి. చాయిసెస్‌కీ (ముందే ఇచ్చిన విలువల జాబితా), సబ్‌కమాండ్లకే (స్క్రిప్టు లోపలి వేర్వేరు పనుల పేర్లు) పనిచేస్తుంది. ఆప్షన్ పేరులో అక్షరం జారితే ఇప్పటికీ గుర్తించలేదనే అంటుంది తప్ప దారి చూపదు.