ఆఫీసుకూ క్యాంపింగ్‌కూ ఒకే పికప్: డబుల్ క్యాబ్‌లలో ఏది నిలబడుతుంది?

రెండు వరసల సీట్లు, వాటి వెనక సామాను తొట్టి ఉండే డబుల్ క్యాబ్ పికప్‌ల ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది 3,500 కిలోలు లాగుతుందనే అంకె. కుటుంబంతో క్యాంపింగ్‌కి వెళ్లేవాళ్లు ముందు చూడాల్సింది అది కాదు, పేలోడ్. బండికి అనుమతించిన మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే పేలోడ్. మనుషులు, సామాను, నీళ్లు, కప్పు మీద టెంటు, కొన్నాక బిగించిన ప్రతి ఇనుప ముక్క అందులోనే సర్దుకోవాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. పేలోడ్ 950 కిలోలు అనుకోండి. ఇద్దరు పెద్దవాళ్లు, ఎదిగిన పిల్లలు ఇద్దరు కలిపి 270. తొట్టి మీద మూతలా బిగించే ఫైబర్ క్యానోపీ 70. కప్పు టెంటు, దాని ర్యాకు 80. తొట్టిలో బిగించే సొరుగులు 90. నిండిన ఫ్రిజ్ 45. అరవై లీటర్ల నీళ్లు 60. పొయ్యి, కుర్చీలు, పరుపులు, బట్టలు, తిండి సామాను 90. జాకీ, తాళ్లు, కంప్రెసర్, పార వంటివి 45. ఇప్పటికే 750 అయింది. వెనక 1,500 కిలోల ట్రెయిలర్ తగిలిస్తే దాని బరువులో దాదాపు పదో వంతు, అంటే 150 కిలోలు, బండి కొక్కెం మీద పడుతుంది. కొక్కెం బిగింపు మరో 35. మొత్తం 935. మిగిలింది 15 కిలోలు. ముందు ఇనుప బంపరు వేయించాలన్న ఆలోచన ఉంటే అక్కడితో పరిమితి దాటిపోయినట్టే.

అందుకే సామానంతా ఎక్కించి, అందరూ కూర్చుని ఒక్కసారి వే బ్రిడ్జి మీద తూకం వేయించండి. ముందు చక్రాలు దింపి వెనక ఇరుసు బరువు విడిగా కూడా చూడండి. మొత్తం బరువు పరిమితిలోనే ఉన్నా వెనక ఇరుసు దాటిపోవడం చాలా మామూలు, ఎందుకంటే బరువైనవన్నీ వెనక చక్రాల మీదో, వాటికి ఇంకా వెనకో ఉంటాయి. అలా మోస్తూ గతుకుల్లో తిప్పితే ఛాసిస్ క్యాబిన్‌కి కాస్త వెనక వంగుతుంది. వెనక భాగం కుంగింది కదా అని కమాన్ కట్టల పైన గాలి బెలూన్లు పెట్టిస్తే పని ఇంకా చెడుతుంది. కట్ట రెండు కొసల మీద పడాల్సిన బరువంతా ఛాసిస్ మీద ఒక్క చోటే పడుతుంది, సరిగ్గా అక్కడే వంగుతుంది. బెలూన్ల వల్ల బండి లేచినట్టు కనిపిస్తుందే తప్ప పేలోడ్ ఒక్క కిలో కూడా పెరగదు.

వారంలో ఐదు రోజులు

ఈ బండి బతుకులో ఎక్కువ భాగం ఖాళీ తొట్టితో ఆఫీసుకి తిరగడమే. టన్ను మోయడానికి కట్టిన కమాన్లు ఖాళీగా ఉన్నప్పుడు గట్టిగా ఉంటాయి. స్పీడు బ్రేకర్ దాటగానే వెనక సీటు ఎగిరేస్తుంది, తడి రోడ్డు మలుపులో వెనక చక్రం తేలిగ్గా జారుతుంది. టెస్ట్ డ్రైవ్‌లో ముందు సీట్లో కూర్చుంటే ఇది తెలియదు. ఇంట్లోవాళ్లని వెనక కూర్చోబెట్టి గతుకుల రోడ్డు మీద అరగంట తిప్పండి. వెనక సీటు వీపు చాలా బండ్లలో నిటారుగా ఉంటుంది, నాలుగు గంటల ప్రయాణంలో పిల్లలు పేచీ పెట్టేది అక్కడే.

పిల్లల సీటు బిగించేవాళ్లు దాన్ని షోరూమ్‌కి తీసుకెళ్లి బిగించి చూడాలి. పై పట్టీ కొక్కెం కార్లలో లాగా డిక్కీలో ఉండదు. కొన్ని పికప్‌లలో పట్టీని సీటు వెనక ఉన్న గుడ్డ లూప్‌లోంచి దూర్చి, పక్క సీటు వెనక ఉన్న కొక్కేనికి తగిలించాలి. మాన్యువల్ చదవకుండా ఆ లూప్‌కే నేరుగా కొక్కెం తగిలించడం తరచూ జరిగే పొరపాటు.

టైర్ల గాలి కూడా చూసుకోండి. బరువు లేని రోజుల్లో, బరువున్న రోజుల్లో ఎంత ఉండాలో డోరు దగ్గరి స్టిక్కర్ మీద విడివిడిగా రాసి ఉంటుంది. క్యాంపింగ్‌కి పెంచిన గాలిని తిరిగొచ్చాక తగ్గించకపోతే బండి మరీ ఎగురుతుంది, వెనక టైర్లు మధ్యలోనే అరుగుతాయి.

డీజిలా, పెట్రోలా అన్నది రోజూ తిరిగే దూరాన్ని బట్టి తేల్చుకోవాలి. కొత్త డీజిల్ బండ్ల పొగ గొట్టంలో డీపీఎఫ్ అనే వడపోత ఉంటుంది. అది మసిని పట్టి ఉంచి అప్పుడప్పుడు కాల్చేస్తుంది. అలా కాలాలంటే లోపల దాదాపు 600 డిగ్రీల వేడి రావాలి, అందుకు బండి పావుగంటో ఇరవై నిమిషాలో హైవే వేగంతో ఆగకుండా పోవాలి. ఆఫీసు ఆరు కిలోమీటర్ల దూరంలోనే ఉంటే ఆ అవకాశమే రాదు. మొదలైన కాల్పు సగంలో ఆగిపోతుంది, మర్నాడు మళ్లీ మొదలవుతుంది. ఆ వేడి కోసం చాలా ఇంజిన్లు సిలిండర్‌లోకి అదనంగా డీజిల్ చిమ్ముతాయి. అందులో కొంత గోడల వెంట ఇంజిన్ ఆయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పై గీత దాటి ఉంటుంది, వేళ్ల మధ్య రుద్దితే పల్చగా జారుతుంది, డీజిల్ వాసన వస్తుంది. ఆయిల్ తగ్గలేదులే అని సంతోషపడితే బేరింగులు పోతాయి. రోజూ పది కిలోమీటర్ల లోపే తిరిగేవాళ్లు, వారానికోసారైనా హైవే ఎక్కలేనివాళ్లు పెట్రోలో హైబ్రిడో తీసుకోవడమే మంచిది.

4×4 రకం గురించి చాలామంది అడగనే అడగరు. అవసరమైనప్పుడే ముందు చక్రాలకీ శక్తి పంపే మామూలు పార్ట్‌టైమ్ 4×4లో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య, రెండూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరుగుతాయి, వెనకవి తక్కువ. మట్టిలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారదు కాబట్టి ఆ మెలికంతా షాఫ్టుల్లో, ఇంజిన్ శక్తిని రెండు ఇరుసులకీ పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో బిగుసుకుంటుంది. వానలో తారు రోడ్డు మీద 4హెచ్ (నాలుగు చక్రాల హై గేరు) వేసుకుని తిరిగేవాళ్లు గేర్లని చేజేతులా అరగదీస్తున్నట్టే.

ఏ బండి ఎవరికి

నమ్మకం అన్న మాటకి ముందు గుర్తొచ్చేది టొయోటా హైలక్స్. 1968 నుంచి వస్తోంది, విడిభాగాలు దొరకని చోటు తక్కువ. 2020లో మెరుగుపరిచిన 2.8 లీటర్ల డీజిల్ 204 హార్స్‌పవర్ ఇస్తుంది. ఆటోమేటిక్‌లో టార్క్ 500 న్యూటన్ మీటర్లు, మాన్యువల్‌లో 420 మాత్రమే కాబట్టి ట్రెయిలర్ లాగేవాళ్లకి ఆటోమేటిక్ నయం. ఆ తరం బండి పొడవు 5.3 మీటర్లు, ఇంటి ముందు స్థలం కొలిచాకే బుక్ చేయండి. ఖాళీగా నడిపితే కుదుపు ఎక్కువే. సెకండ్‌హ్యాండ్ డీజిల్ చూసేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. 2015 అక్టోబరు నుంచి 2020 ఏప్రిల్ వరకు ఆస్ట్రేలియాలో అమ్మిన డీజిల్ హైలక్స్‌ల డీపీఎఫ్ వ్యవస్థలో లోపం ఉందని అక్కడి ఫెడరల్ కోర్టు 2022లో తేల్చింది. ఆ కాలం నాటి బండి అయితే డీపీఎఫ్ పని ఏం చేశారో సర్వీసు కాగితాల్లో చూపించమని అడగండి.

ఇసుజు డీ-మ్యాక్స్ 3.0 లీటర్ల డీజిల్ గొప్ప అంకెలు చూపదు: 190 హార్స్‌పవర్, 450 న్యూటన్ మీటర్లు. పెద్ద ఇంజిన్ నుంచి తక్కువ పిండుకోవడమే దీని బలం. శబ్దం కాస్త గరుకు, కానీ బరువుతో ఘాట్ ఎక్కేటప్పుడు ఆయాసపడదు. 800 మిల్లీమీటర్ల లోతు నీళ్లు దాటగలదని కంపెనీ చెబుతుంది, అప్పటి హైలక్స్‌కి ఆ అంకె 700. 2020 నుంచి వచ్చిన మజ్దా బీటీ-50 లోపల ఇదే బండి. ఏటా పది పన్నెండుసార్లు మట్టి దారుల్లోకి వెళ్లే కుటుంబానికి మా మొదటి ఎంపిక ఇదే.

వానల ప్రాంతంలో రోజూ తిరిగే వాళ్లయితే మిత్సుబిషి ట్రైటన్‌లో సూపర్ సెలెక్ట్ ఉన్న రకం వెతకండి. అందులో సెంటర్ డిఫరెన్షియల్ ఉంది, కాబట్టి తడి తారు మీద కూడా 4హెచ్ వేసుకుని వెళ్లొచ్చు. కింది రకాల్లో ఇది ఉండదు, పేరు ఒకటే కదా అని తీసుకోకండి. ఫోర్డ్ రేంజర్ 2022 తరంలో క్యాబిన్ కారుకి దగ్గరగా ఉంటుంది. వెనక చక్రం వెనకాల తొట్టి ఎక్కడానికి మెట్టు ఇచ్చారు, చిన్న విషయమే కానీ కప్పు మీది సామాను దించేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. ఏ కంపెనీ బండి అయినా టైమింగ్ చైనా, బెల్టా, బెల్టయితే అది ఆయిల్లో నానుతూ తిరిగేదా అని అడిగి రాయించుకోండి. ఆయిల్లో తిరిగే బెల్టుకి కంపెనీ చెప్పిన గ్రేడ్ కాకుండా వేరే ఆయిల్ పోస్తే బెల్టు రబ్బరు పొట్టుగా రాలి ఆయిల్ పంపు జాలీని మూసేస్తుంది.

నిస్సాన్ నవారా డీ23 డబుల్ క్యాబ్‌లో వెనక కమాన్లకి బదులు కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. ఖాళీగా హాయిగా ఉంటుంది, బాగా బరువేస్తే త్వరగా కుంగుతుంది.

తారు రోడ్డు చివరిదాకా ఉండే క్యాంపులకే వెళ్తామంటే ఛాసిస్ మీద కట్టిన బండే అక్కర్లేదు. ఉత్తర అమెరికాలో అమ్మే హోండా రిడ్జ్‌లైన్‌కి కారు లాంటి బాడీ, వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్, 280 హార్స్‌పవర్ వీ6 పెట్రోల్ ఇంజిన్ ఉన్నాయి. ఆల్ వీల్ డ్రైవ్ రకం 2,270 కిలోల దాకా లాగుతుంది. తొట్టి నేల కింద తాళం వేసుకునే డిక్కీ ఉంది, అడుగున నీళ్లు పోయే బిరడా ఉంది, ఐసు నింపి వాడుకోవచ్చు. కానీ స్పేర్ టైరు కూడా అక్కడే ఉంటుంది. నిండా సామానుతో వెళ్తుండగా పంక్చరయితే రోడ్డు పక్కన అంతా దించాకే టైరు బయటికొస్తుంది. ఫోర్డ్ మావెరిక్ హైబ్రిడ్ ఇంకా చిన్నది, 191 హార్స్‌పవర్, తొట్టి 1.37 మీటర్లే. నలుగురికి సరిపడా నేల టెంటు వేసుకునేవాళ్లకి చాలు. నగరంలో ఇంధన ఖర్చు విషయంలో దీనికి పైన చెప్పిన బండ్లేవీ సాటిరావు.

తొట్టి, క్యానోపీ, దుమ్ము

డబుల్ క్యాబ్ తొట్టి పొడవు మామూలుగా మీటరున్నర. పెద్దవాళ్లు కాళ్లు చాపి పడుకోలేరు, తొట్టి వెనక డోరు తెరిచి ఉంచాలి లేదా మూలకి వాలుగా పడుకోవాలి. అందుకే కప్పు టెంటు వైపు మొగ్గుతారు. అక్కడ రెండు అంకెలు ఉంటాయి. నడుస్తున్నప్పుడు క్యానోపీ కప్పు మోయగలిగేది చాలావాటిలో 75 నుంచి 100 కిలోలు, ర్యాకు బరువు కూడా అందులోదే. నిలిపి ఉన్నప్పుడు అంతకు ఎన్నో రెట్లు మోస్తుంది కాబట్టి లోపల మనుషులు పడుకున్నా ఇబ్బంది లేదు. టెంటుతో బండి ఎత్తు 2.2 మీటర్లు దాటొచ్చు. ఆఫీసు బేస్‌మెంట్ పార్కింగ్ బోర్డు మీద ఎత్తు ఎంత రాశారో ముందే చూసుకోండి.

మట్టి రోడ్డు మీద గంట నడిపి క్యానోపీ తెరిస్తే దుప్పట్ల మీద పిండి జల్లినట్టు ఎర్రటి దుమ్ము ఉంటుంది. వేగంగా పోయే బండి వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది, డోరు కింది సందులోంచి, మూలల్లోంచి దుమ్ముని లోపలికి లాగుతుంది. రాత్రిపూట తొట్టిలో టార్చి వెలిగించి పెట్టి అన్నీ మూసి బయటినుంచి చూడండి. వెలుగు కనిపించిన ప్రతి చోటా దుమ్ము వస్తుంది. డోరు కింద అంచుకీ రెండు పక్కలకీ బోలుగా ఉండే రబ్బరు పట్టీ అంటించండి, అంటించే ముందు స్పిరిట్‌తో తుడవకపోతే వారంలో ఊడుతుంది. క్యానోపీ పైన ముందు వైపు గాలి వచ్చే వెంట్ పెట్టిస్తే లోపలి ఒత్తిడి పెరిగి మిగిలిన సందుల్లోంచి దుమ్ము రాకుండా తోసేస్తుంది. గ్యాస్ సిలిండరు మాత్రం ఇంత గట్టిగా మూసిన తొట్టిలో పెట్టొద్దు. లీకైన గ్యాస్ గాలికంటే బరువు, నేల మీదే పేరుకుంటుంది. క్యానోపీ లోపల పొయ్యి వెలిగించడం, బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం ప్రాణాంతకం.

సెకండ్‌హ్యాండ్ అయితే

ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి, ముందే వేడిచేసి ఉంచొద్దని ఫోన్లోనే చెప్పండి. క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య సందుని పక్కనుంచి చూడండి. పైన వెడల్పుగా, కింద ఇరుగ్గా ఉంటే ఛాసిస్ వంగి ఉండొచ్చు. బండి కిందికి దూరి వెనక కమాన్ల బిగింపులు, స్పేర్ టైరు పైన ఉన్న అడ్డ పట్టీ దగ్గర చిన్న సుత్తితో తట్టండి. ఖంగుమనాలి. మెత్తగా బొద్దుమంటే తుప్పు లోపలినుంచి తినేసింది. 2005–2010 టొయోటా టకోమాల ఛాసిస్ తుప్పు అమెరికాలో కోర్టు సెటిల్‌మెంట్ దాకా వెళ్లింది, కాబట్టి పేరున్న బండికి ఇది అవసరం లేదనుకోకండి. కింద కొత్తగా నల్ల పెయింటు కొట్టి ఉంటే ఇంకా గట్టిగా తట్టండి.

తర్వాత డిఫరెన్షియల్ ఆయిల్ బిరడా విప్పించండి. ఆయిల్ పాలు కలిసిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే, వాగుల్లో దింపి ఆయిల్ మార్చకుండా వదిలేసిన బండి అది. నడిపేటప్పుడు ఆగి ఉన్న చోటు నుంచి కదిలించగానే నేల కింద గుర్రుమని వణికి, వేగం అందుకోగానే ఆగిపోతే ప్రొపెల్లర్ షాఫ్ట్ మధ్య బేరింగు అరిగింది. బేరాన్ని ఆపేంత దోషం కాదు, దాని ఖర్చు ధరలో తగ్గించమనండి. ఆఖరుగా మట్టి నేల మీద బండి ఆపి, న్యూట్రల్‌లో 4ఎల్ (నాలుగు చక్రాల లో గేరు) వేయండి. లైటు మినుక్కుమంటూనే ఉండి నిలకడగా వెలగకపోతే రెండడుగులు ముందుకీ వెనక్కీ కదిపి మళ్లీ వేయండి. అప్పటికీ పడకపోతే ఏళ్లుగా దాన్ని ఎవరూ వాడలేదు, దాన్ని మార్చే మోటారో ఫోర్కో తుప్పుపట్టి ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసు విప్పి చూపించేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.