గొలుసు కవచం అల్లిక తరగతి: రివెట్ దగ్గరే లోటు

గోల్కొండ వైపు జరిగిన మధ్యయుగ పునర్నటన మేళా (ఆ కాలపు వేషాలు, పనులు మళ్లీ చేసి చూపే మేళా) తరగతుల్లో గొలుసు కవచం, అంటే చిన్న లోహపు రింగులు ఒకదానిలో ఒకటి అల్లిన కవచం, దాని అల్లికే అన్నిటికన్నా బాగుంది.

1.6 మి.మీ. జీఐ తీగను (జింకు పూత వేసిన ఇనుప తీగ) 8 మి.మీ. కడ్డీకి బిగువుగా చుట్టి, ఒక్కో చుట్టునూ ఒక్కో రింగుగా కత్తిరిస్తారు. రింగును రెండు ప్లయర్లతో పట్టుకుని పక్కకి తిప్పి తెరవాలి. బయటికి లాగితే కోడిగుడ్డులా సాగిపోతుంది, కొసలు మళ్లీ కలవవు. గోరు పట్టేంత సందున్నా పక్క రింగు జారిపోతుంది. మధ్యలో ఉన్న ప్రతి రింగూ నాలుగింటిని పట్టుకోవాలి. ఇది చేయిపట్టి నేర్పారు, చాలా బాగుంది.

పాత యుద్ధ కవచాల్లో ఎక్కువగా కొసలు చదునుచేసి, చిల్లు పెట్టి, రివెట్ (కొసల్ని కలిపి బిగించే చిన్న మేకు) కొట్టేవారు. తరగతిలో దానికి ఇచ్చింది పది నిమిషాలేనా? పైగా తీగను కాల్చి మెత్తబరచమన్నారు. జీఐ తీగను అస్సలు కాల్చకూడదు, జింకు పొగతో జ్వరం వస్తుంది. రివెట్‌కి పూత లేని ఇనుప తీగే ఇవ్వాలి.