పిల్లలతో ఓరియెంటీరింగ్: కొన్ని సీజన్ల తర్వాత మా సమీక్ష

ఓరియెంటీరింగ్ గురించి వినని వాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. చేతిలో ఒక మ్యాపు, ఒక దిక్సూచి ఉంటాయి. మ్యాపు మీద ఊదా రంగు సున్నాలు, వాటి పక్కన 1, 2, 3 అని వరస. ఒక్కో సున్నా నడిమధ్యన ఏ బండరాయో, వాగు మలుపో ఉంటుంది. అక్కడికి నిజంగా వెళ్తే నారింజ, తెలుపు రంగుల గుడ్డ జెండా ఒకటి వేలాడుతూ కనిపిస్తుంది. దాన్నే కంట్రోల్ అంటారు. అన్నిటినీ వరస తప్పకుండా తాకి తిరిగి రావాలి. ఏ దారిన వెళ్తారన్నది మీ ఇష్టం.

ఈ సమీక్ష వాషింగ్టన్ డీసీ చుట్టుపక్కల, అంటే వర్జీనియా, మేరీలాండ్ పార్కుల్లో జరిగే స్థానిక పోటీల గురించి. ఇక్కడ వీటిని నడిపేది క్వాంటికో ఓరియెంటీరింగ్ క్లబ్. ఆష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు ఉన్న తెలుగు కుటుంబాలకు ఆదివారం పొద్దున బయల్దేరి వెళ్లిరాగల దూరాలే. మార్కులు వేయమంటే, మ్యాపు పిల్లల చేతిలో ఉంటే పదికి తొమ్మిది. నాన్న చేతిలో ఉండి పిల్లలు వెనకాల నడుస్తుంటే నాలుగు. అప్పుడది జెండాలున్న వాకింగ్ అంతే.

కోర్సులకు, అంటే వరసగా తాకాల్సిన కంట్రోల్స్ దారులకు, రంగుల పేర్లు. వైట్ అన్నిటికన్నా తేలిక, 2 నుంచి 3 కిలోమీటర్లు. మొత్తం కాలిబాటల మీదే, దారి మారాల్సిన చోటల్లా ఒక జెండా. తర్వాత యెల్లో, 3 నుంచి 5 కిలోమీటర్లు. ఇందులో జెండాలు బాట దిగి కొంచెం లోపలికి ఉండొచ్చు గానీ బాట, వాగు, కంచె లాంటి గీత ఏదో ఒకటి పట్టుకుని వెళ్లిపోవచ్చు. ఆ పైన ఆరెంజ్. దాని పైన బ్రౌన్, గ్రీన్, రెడ్, బ్లూ. ఈ నాలుగూ ముదిరిన వాళ్లవి, వాటిలో తేడా ముఖ్యంగా పొడవుదే.

పొడవు దగ్గరే కొత్తవాళ్లు మొదటిసారి దెబ్బతింటారు. రాసి ఉన్న దూరం కంట్రోల్‌కీ కంట్రోల్‌కీ మధ్య గీత గీసి కొలిచింది. బాట వంకర్లు, దారి తప్పి తిరిగినవి అందులో లేవు. 3 కిలోమీటర్ల కోర్సంటే కాళ్లకు 4 అనుకోండి, పిల్లలుంటే 5. ఏడెనిమిదేళ్ల పిల్ల తనే మ్యాపు చూస్తూ వైట్ పూర్తిచేయడానికి ముప్పావుగంట నుంచి గంటంపావు పడుతుంది. తొందరపెట్టి అరగంటలో లాక్కొస్తే నేర్చుకున్నదేమీ ఉండదు.

మ్యాపు రంగులు బడి అట్లాసులో రంగుల్లాంటివి కావు. తెలుపంటే ఖాళీ జాగా కాదు, హాయిగా పరిగెత్తగలిగే అడవి. పసుపు బయలు. ఆకుపచ్చ ముదిరేకొద్దీ పొదలు చిక్కబడతాయి, ముదురు పచ్చలోకి పిల్లల్ని తీసుకెళ్లకండి. నీలం నీళ్లు, నలుపు రాళ్లూ బాటలూ కట్టడాలూ, గోధుమరంగు గీతలు నేల ఎత్తుపల్లాలు. 1:10,000 మ్యాపులో ఒక సెంటీమీటరు 100 మీటర్లు, 1:7,500లో 75 మీటర్లు. పార్కు మారితే స్కేలు మారొచ్చు. బయల్దేరేముందు పిల్లల చేత మ్యాపు మూలనున్న స్కేలు చదివించండి. లేకపోతే పోయినసారి అలవాటైన ‘మ్యాపులో సెంటీమీటరుకు ఇన్ని అడుగులు’ అన్న లెక్క ఈసారి తప్పుతుంది.

ఎన్‌సీసీలో మ్యాప్ రీడింగ్ నేర్చుకున్న అమ్మానాన్నలకు ఒక మాట. ఇక్కడ డిగ్రీలు కూడటం, తీసేయడం ఉండదు. ఈ మ్యాపుల్లోని ఉత్తర గీతలు అయస్కాంత ఉత్తరానికే, అంటే దిక్సూచి ముల్లు చూపే వైపుకే, గీసి ఉంటాయి. ఎర్రముల్లు ఆ గీతలకు సమాంతరంగా, మ్యాపు పైఅంచు వైపు చూసేలా మ్యాపును తిప్పితే చాలు. చిక్కల్లా ఫోన్ దిక్సూచితోనే. అందులో నిజ ఉత్తరం, అంటే ఉత్తర ధ్రువం వైపు, చూపించే సెట్టింగు ఆన్ చేసి ఉంటే ఈ ప్రాంతంలో పది డిగ్రీలకు పైగా తేడా వస్తుంది. పది డిగ్రీల తప్పుతో 500 మీటర్లు నడిస్తే దాదాపు 88 మీటర్లు పక్కకు పోతారు. అడవిలో ఆ దూరానికి జెండా కనిపించదు. పిల్లలకు ఫోన్ వద్దు, అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ పలక ఉండే మామూలు దిక్సూచి ఇవ్వండి. దాన్ని ఫోన్‌తో పాటు ఒకే జేబులో పెట్టొద్దు. ఫోన్‌లోని అయస్కాంతాల వల్ల ముల్లు తిరగబడి ఎర్రకొన దక్షిణం చూపించడం నిజంగా జరుగుతుంది. కారు దిగగానే రెండు దిక్సూచిలను ఒక అడుగు ఎడంగా పెట్టి పోల్చి చూస్తే పది సెకన్లలో తేలిపోతుంది.

వైట్ కోర్సులో ఎక్కువగా జరిగే తప్పు, కంట్రోల్ దొరికిన సంబరంలో వచ్చిన బాటనే వెనక్కి పట్టడం. ఎందుకంటే అక్షరాలు తిన్నగా కనిపించాలని మ్యాపును ఒకే వైపుకు పట్టుకుంటారు. మలుపు తిరిగినప్పుడు మనిషి తిరుగుతాడు గానీ మ్యాపు కూడా మనతో తిరిగిపోకూడదు, దాని ఉత్తరం ఉత్తరం వైపే ఉండాలి. ఈ అలవాటు పెద్దవాళ్లకన్నా పిల్లలకే తొందరగా వస్తుంది, అక్షరాలు తలకిందులైనా వాళ్లకు పట్టింపు లేదు. రెండో అలవాటు బొటనవేలు. ఇప్పుడున్న చోటు మీద వేలు పెట్టుకుని, నడుస్తున్నకొద్దీ జరుపుతూ పోవాలి. అంత పెద్ద కాగితాన్ని పిల్లల చేయి పట్టదు కాబట్టి ఆ భాగం పైకి వచ్చేలా మడిచి ఇవ్వండి.

ఇక ఎలక్ట్రానిక్ పంచ్, అంటే ప్రతి కంట్రోల్ దగ్గరా ఉండే చిన్న పెట్టెలో కార్డు పెట్టి, వచ్చినట్టు నమోదు చేసుకోవడం. వేలికి తొడుక్కునే చిన్న ప్లాస్టిక్ పుల్లలాంటి ఈ-కార్డు అద్దెకిస్తారు, పోగొడితే పూర్తి ధర కట్టాలి. ముందు ‘క్లియర్’ పెట్టెలో పెట్టి బీప్ వచ్చేదాకా ఉంచాలి. దీనికి కొన్ని సెకన్లు పడుతుంది, పిల్లలు ఆగలేక లాగేస్తారు. తర్వాత ‘చెక్’, ఆపైన ‘స్టార్ట్’. పాత పంచ్‌లు పోకుండా బయల్దేరితే కార్డు మధ్యలో నిండిపోతుంది. ఎస్‌ఐ-8 రకం కార్డులో 30 పంచ్‌లే పడతాయి. ప్రతి కంట్రోల్ దగ్గరా పెట్టె మీది నంబరును, మీ కంట్రోల్స్ జాబితా కాగితం మీద ఆ కంట్రోల్ ఎదురుగా ఉన్న నంబరుతో పోల్చాకే పంచ్ చేయాలి. ఈ నంబర్లు 31 నుంచి మొదలవుతాయి, కంట్రోల్ వరస సంఖ్యతో తికమక పడకుండా ఉండేందుకు. దగ్గర్లోనే వేరే కోర్సు జెండా ఉండటం మామూలే.

తప్పు పంచ్ పడితే ఏడుపులు అక్కర్లేదు. వేరే కోర్సు జెండాను తాకినంత మాత్రాన ఏమీ కాదు, సరైనది వెతుక్కుని ముందుకు సాగడమే. కానీ 4 వదిలేసి 5 చేశామని గుర్తొస్తే వెనక్కి వెళ్లి 4 చేసి, మళ్లీ 5 చేయాలి. 4 ఒక్కటి చేసి నేరుగా 6కి పోతే లెక్కకు రాదు.

కోర్సు పూర్తికాకపోయినా, మధ్యలోనే విసుగొచ్చి కారెక్కాలనిపించినా, ముగింపు బల్ల దగ్గర కార్డు డౌన్‌లోడ్ చేయకుండా ఇంటికి పోకండి. కంప్యూటర్ దృష్టిలో మీరింకా అడవిలోనే ఉన్నారు. సాధారణంగా మూడు గంటల గడువుంటుంది, అది దాటితే వాలంటీర్లు వెతుకులాటకు దిగుతారు. చలిలో చీకటిపడే వేళ మీకోసం నలుగురు తిరుగుతుంటే మీరు ఇంట్లో కూర్చుని పులిహోర తింటున్నారంటే బాగుండదు.

యెల్లో నుంచి ఆరెంజ్‌కు మారేచోటే ఎక్కువ కుటుంబాలు ఈ ఆట మానేస్తాయి. వైట్ నుంచి యెల్లోకి ఒక మెట్టు. యెల్లో నుంచి ఆరెంజ్‌కు మూడు మెట్లు. పట్టుకుని నడవడానికి బాట ఉండదు. కంట్రోల్ ఒక చిన్న లోయ మొదట్లోనో, గుట్ట పక్కనో ఉంటుంది. దానికి దగ్గర్లో తప్పకుండా గుర్తుపట్టగలిగే చోటొకటి, అంటే బాటల కూడలో వాగు మలుపో, ముందే ఎంచుకోవాలి. అక్కడిదాకా వేగంగా వెళ్లి, ఆ తర్వాత దిక్సూచి పట్టుకుని అడుగులు లెక్కపెడుతూ నెమ్మదిగా పోవాలి. దాటిపోతే ఆపే అడ్డం ఏదో, అది రోడ్డా వాగా అన్నది కూడా ముందే చూసుకోవాలి. ఈ మూడూ యెల్లోలో అవసరం పడవు కాబట్టి ఎంతసేపు యెల్లో చేసినా రావు. దీనికి మందు ఇది: యెల్లోనే చేస్తూ, ఒకటి రెండు కంట్రోల్స్‌కు మాత్రం బాట వదిలి అడ్డంగా కోసి వెళ్లండి. పోయినసారి ఎంతసేపట్లో పూర్తిచేశామో చూసుకుని మురవొద్దు, ప్రతి కంట్రోల్‌కూ ముందు ‘ఎక్కడ ఆగుతాం, దాటిపోతే ఏం తగులుతుంది’ అని పిల్ల చేత చెప్పించండి. పదేళ్ల లోపు పిల్లలను ఆరెంజ్‌కు పంపడం మాకైతే నచ్చదు. ఎత్తుపల్లాల గీతలు వాళ్లకు ఇంకా నేలగా కనిపించవు.

పెద్దవాళ్లు పది అడుగుల వెనక నడవాలి. పిల్ల తప్పు బాట పట్టినప్పుడు ఒక నిమిషం నోరు మూసుకోవడం ఈ ఆటలోకెల్లా కష్టమైన పని. ఇద్దరు పిల్లలుంటే రెండు మ్యాపులు కొనండి, ఒకే మ్యాపు ఇస్తే మూడో కంట్రోల్ దగ్గర కొట్లాట ఖాయం. అమ్మా నాన్నా ఇద్దరికీ సొంతంగా పరిగెత్తాలనుంటే ఒకరు స్టార్ట్ తెరవగానే, మరొకరు మొదటివారు వచ్చాక, మూసేలోపు. స్టార్ట్ ఎప్పటిదాకా తెరిచి ఉంటుందో, రిజిస్ట్రేషన్ ఎప్పుడు మూసేస్తారో ముందే చూసుకోండి. మ్యాపులు ముందుగా చేరిన వాళ్ల లెక్కతో అచ్చేస్తారు, ఆరోజు వెళ్తే కావలసిన కోర్సు అయిపోయి ఉండొచ్చు.

ప్రతి పిల్ల మెడలో విజిల్ ఉండాలి. మూడేసి ఊదులంటే సాయం కావాలని. దారి తప్పితే పరిగెత్తకూడదు, కచ్చితంగా తెలిసిన చివరి చోటికి వెనక్కి రావాలి. అదీ తెలియకపోతే పనికొచ్చేలా, నిర్వాహకులు చెప్పే ‘ఈ దిక్కుకు నడిస్తే రోడ్డు వస్తుంది’ అన్న ముక్కను బయల్దేరేముందే మ్యాపు వెనక రాసిపెట్టండి.

అడవి సంగతి. ఐ-95 హైవే పక్కనున్న ప్రిన్స్ విలియం ఫారెస్ట్ పార్క్ ఈ ఆటకు చక్కటి చోటు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా గూఢచారులకు శిక్షణ ఇచ్చిన చోట్లలో ఇదొకటి, పిల్లలకు ఆ మాట చెప్తే నడక హుషారెక్కుతుంది. పార్కు ప్రవేశ రుసుము వేరే. వాగులు దాటేటప్పుడు బూట్లు తడుస్తాయి, కార్లో రెండో జత సాక్సులు ఉండాలి. వైట్ బాటల్లో కూడా స్ట్రోలర్ నడవదు, చంటిపిల్లలను వీపున కట్టుకోవాల్సిందే.

నిక్కర్లు వద్దు, పొడుగు ప్యాంటు వేయండి. ఒంటికి పట్టే ముళ్లతీగలు ఒక కారణం, పాయిజన్ ఐవీ రెండోది. మూడేసి ఆకుల తీగ. దాని రసంలో ఉండేది జీడి, మామిడి సొనల కుటుంబపు పదార్థమే, మామిడి సొనకు మూతి పొక్కేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. తగిలిందనిపిస్తే వీలైనంత త్వరగా సబ్బుతో కడగాలి, ఆ చేత్తో ముఖం తుడుచుకోకూడదు.

మూడోది పేలు లాంటి టిక్ పురుగులు. నల్లకాళ్ల టిక్ లైమ్ జబ్బును మోస్తుంది. 0.5 శాతం పర్మెత్రిన్ బట్టలకు, బూట్లకు ముందురోజే కొట్టి పూర్తిగా ఆరనివ్వాలి. ఒంటికి పూయకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే ఆ బట్టలు ఆరేదాకా దాన్ని దగ్గరకు రానివ్వద్దు, తడిగా ఉన్నప్పుడు పిల్లులకు అది విషం. ఇంటికి రాగానే స్నానం చేయించి చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనక, చెవుల వెనక, జుట్టులో వెతకండి. పురుగు కరుచుకుని ఉంటే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి తిన్నగా పైకి లాగాలి, నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం పనికిరావు. బట్టలు ఉతక్కముందే డ్రయ్యర్‌లో బాగా వేడిమీద పదినిమిషాలు తిప్పితే వాటికి అంటుకున్న టిక్‌లు చస్తాయి.