పెళ్లి ఫుటేజ్, రెండు ఊళ్లు, మూడు కంప్యూటర్లు: ఈ ఏర్పాటు చాలా సీజన్లు వాడాక నా సమీక్ష

మా పెళ్లి వీడియోల స్టూడియో విజయవాడ పటమటలో, మా ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో. స్టూడియోలో రెండు విండోస్ కంప్యూటర్లు, ఇంట్లో ఒక మ్యాక్‌బుక్. ఒక్కో పెళ్లి మూడింటి మీదా తిరుగుతుంది. ఫుల్ వీడియో మా తమ్ముడు పటమటలో కట్ చేస్తాడు, రెండో సిస్టమ్ మీద మా కుర్రాడు టీజర్, రీల్స్ చూసుకుంటాడు, రాత్రిళ్లు ఇంట్లో కూర్చుని కలర్ (రంగులు సరిదిద్దడం) నేను చేస్తాను. మూడు చోట్లా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్సీ రిజాల్వే. ఎన్నో మాఘమాసాలు, శ్రావణాలు ఇదే ఏర్పాటు మీద గడిచాయి కాబట్టి గట్టిగానే చెప్పగలను: ఏ కంప్యూటర్‌కు తగిలించినా ఫైలుకు అదే పేరు, అదే పాత్ (ఏ డ్రైవ్‌లో, ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే చిరునామా) ఉండాలి. అది కుదిరితే మామూలు హార్డ్ డిస్క్ మీద కూడా పని సాగుతుంది. కుదరకపోతే ఎంత ఖరీదు పెట్టి కొన్న ఎస్‌ఎస్‌డీ అయినా తెర నిండా ఎర్రగా ‘మీడియా ఆఫ్‌లైన్’ అని, అంటే ఫైలు దొరకలేదని చూపిస్తుంది.

ముందు పాత్ సంగతి. విండోస్ ఏ డ్రైవ్ ముందు తగిలిస్తే దానికి ఖాళీగా ఉన్న అక్షరం ఇచ్చేస్తుంది. నిన్న ‘ఎఫ్’గా ఉన్న డ్రైవ్, ఇవాళ ఎవరో ముందుగా పెన్‌డ్రైవ్ పెట్టారంటే ‘జీ’ అయిపోవచ్చు. అందుకే డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి పని డ్రైవ్‌కు ‘డబ్ల్యూ’ అని అక్షరం ఖాయం చేశాం, రెండు సిస్టమ్స్‌లోనూ అదే. మ్యాక్‌లో ఈ అక్షరాల గొడవ ఉండదు, ‘వాల్యూమ్స్’ కింద డ్రైవ్ పేరే పాత్. ఈ రెండింటినీ కలపడానికి రిజాల్వ్ ప్రిఫరెన్సెస్‌లో మీడియా స్టోరేజ్ దగ్గర ‘మ్యాప్డ్ మౌంట్’ అనే గడి ఉంది. మ్యాక్‌లో ఉన్న పాత్ పక్కన విండోస్ పాత్ రాసి పెడితే, పటమటలో కట్ చేసిన ప్రాజెక్ట్ బ్రాడీపేటలో రీలింక్ (ఫైలు ఎక్కడుందో మళ్లీ చూపించడం) అడక్కుండా తెరుచుకుంటుంది. ఈ ఒక్క గడి గురించి తెలియక ప్రతిరాత్రీ వందల క్లిప్పులు రీలింక్ చేసుకునేవాళ్లు మా ఫీల్డ్‌లో ఎంతమందో. డ్రైవ్ లోపల పెట్టిన పేరూ, పైన అంటించిన స్టిక్కర్ మీది పేరూ ఒకటే ఉండాలన్నది మా స్టూడియోలో చట్టం.

ఇక ఫైళ్ల పేర్లు. చాలా సోనీ కెమెరాల్లో కొత్త కార్డు పెడితే క్లిప్ ‘సి0001’ నుంచి మొదలవుతుంది. మండపంలో రెండు కెమెరాలు, ఒక్కోదానికి రెండు మూడు కార్డులు. జీలకర్ర-బెల్లం తీసిన క్లిప్పూ ‘సి0012’, భోజనాల దగ్గర తీసినదీ ‘సి0012’. రీలింక్ చేసేటప్పుడు ఒకదాని బదులు ఇంకొకటి వచ్చి కూర్చునే ప్రమాదం ఇక్కడే ఉంది. మందు కెమెరాలోనే దొరుకుతుంది. ఏ7 ఫోర్ లాంటి మోడళ్లలో మూవీ ఫైల్ సెట్టింగ్స్‌లో పేరు ముందు మన టైటిల్ పెట్టుకోవచ్చు, తేదీ కూడా చేర్చుకోవచ్చు. మా మెయిన్ కెమెరాకు ‘ఎం’, క్యాండిడ్‌కు ‘సి’. ఫోల్డర్‌కు మాత్రం ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు, ఆ తర్వాత ఊరు, ఇంటిపేరు: 20250216, తెనాలి, ఫలానా వారు అన్నట్టు. అంకెలు ఆ వరుసలో ఉంటే ఏ కంప్యూటర్‌లోనైనా ఫోల్డర్లు వాటంతట అవే తేదీల ప్రకారం పేర్చుకుంటాయి.

కార్డులోది డ్రైవ్‌లోకి డంప్ చేసేటప్పుడు క్లిప్పులు మాత్రమే లాక్కోవడం మా దగ్గర నిషేధం. కార్డులో ఉన్న ఫోల్డర్లన్నీ ఉన్నవి ఉన్నట్టే వస్తాయి, వాటి పక్కనుండే, క్లిప్ వివరాలు రాసి ఉన్న ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లతో సహా. రిజాల్వ్ మీడియా పేజీలో ‘క్లోన్ టూల్’ ఉంది, అది కాపీ చేశాక చెక్‌సమ్ (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే అంకె) వేసి రెండూ ఒకటేనా అని సరిచూస్తుంది. రెండోసారి చదవాలి కాబట్టి టైమ్ పడుతుంది. అర్ధరాత్రి ముహూర్తం అయ్యాక, అందరికీ కళ్లు మూసుకుపోతున్న వేళ అది చిరాకే. అయినా అప్పగింతలు మళ్లీ తీయలేం. సరిచూసుకున్నాకే కార్డు ఫార్మాట్.

ఇక్కడ కేబుల్ గురించి చెప్పాలి, ఎందుకంటే మా జిల్లాల్లో సగం మంది దీని దగ్గరే ఆగిపోతున్నారు. టైప్-సి కేబుల్ అని చూడగానే ఫోన్ ఛార్జర్‌ది తీసి ఎస్‌ఎస్‌డీకి పెట్టేస్తారు. ఆ కేబుళ్లలో చాలావాటి లోపల ఉండేది యూఎస్‌బీ 2 వైరింగే, సెకనుకు 40 ఎంబీ దాటదు. సెకనుకు వెయ్యి ఎంబీ రాయగలిగే డ్రైవ్ కూడా దాంతో 128 జీబీ కార్డుకు గంట దాకా తీసుకుంటుంది. డ్రైవ్ డబ్బాలో వచ్చిన కేబుల్ పెట్టి, కార్డ్ రీడర్ కూడా మంచిదైతే అదే కార్డు పావుగంటలో ఖాళీ అవుతుంది. మేం డబ్బాలో వచ్చిన ప్రతి కేబుల్‌కూ ఎర్ర టేపు చుట్టాం. ఎర్ర టేపు లేని కేబుల్ డేటాకు వాడం.

ఫుటేజ్ జర్క్ అవుతోందని ఎస్‌ఎస్‌డీ కొనడానికి గవర్నర్‌పేట వెళ్లేవాళ్లకు ఒక లెక్క చెబుతాను. సెకనుకు 100 మెగాబిట్ల 4కే ఫుటేజ్ అంటే, ఎనిమిది బిట్లు ఒక బైట్ కాబట్టి, సెకనుకు పన్నెండున్నర ఎంబీ, గంటకు 45 జీబీ. మూడు కెమెరాలు ఒకేసారి ప్లే చేసినా 40 ఎంబీ లోపే. మామూలు హార్డ్ డిస్క్ అంత ఇవ్వగలదు. అసలు బరువు డీకోడింగ్‌ది, అంటే కుదించిన వీడియోను విప్పే పనిది. రంగుల వివరం ఎక్కువుండే 4:2:2 10-బిట్‌లో తీసిన హెచ్.265 (బాగా కుదించిన వీడియో రకం)ను ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ తేలిగ్గా విప్పుతుంది, యాపిల్ చిప్‌లు విప్పుతాయి. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో అయితే ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే ఆ సౌకర్యం వచ్చింది. 30 సిరీస్ కార్డు పెట్టుకుని, డిస్క్ మార్చినా జర్క్ పోవడం లేదని బాధపడేవాళ్లకు జవాబు అక్కడుంది.

దీనికి చవకైన విరుగుడు ప్రాక్సీ, అంటే ఎడిటింగ్‌లో ఒరిజినల్ బదులు వాడే తేలికపాటి నకలు. మూడు కంప్యూటర్ల పనిని నిజంగా మోస్తున్నది కూడా ఇదే. 2022లో వచ్చిన రిజాల్వ్ 18తో ‘ప్రాక్సీ జనరేటర్’ అనే చిన్న ప్రోగ్రామ్ ఇచ్చారు. ఫోల్డర్ చూపిస్తే చాలు, ఒరిజినల్ పక్కనే ‘ప్రాక్సీ’ అని ఫోల్డర్ పెట్టి తేలికపాటి ఫైళ్లు తయారుచేస్తుంది, రిజాల్వ్ వాటిని తనంతట తానే పట్టుకుంటుంది. సాయంత్రం డంప్ చేసి వదిలేస్తే తెల్లారేసరికి సిద్ధం. మా ఫుటేజ్‌కు సైజు దాదాపు పదో వంతుకు దిగుతుంది. నాలుగు పెళ్లిళ్ల ప్రాక్సీలు జేబులో పట్టే ఎస్‌ఎస్‌డీలో వేసుకుని గుంటూరు బస్సెక్కేస్తాను. మార్పులు చేశాక వెనక్కి డ్రైవ్ పంపక్కర్లేదు, ప్రాజెక్ట్ ఎక్స్‌పోర్ట్ చేసిన డీఆర్‌పీ ఫైలు చాలు. అందులో వీడియో ఉండదు, ఎడిట్ మాత్రమే ఉంటుంది కాబట్టి మెయిల్‌లో పోతుంది. పటమటలో తెరిస్తే ఒరిజినల్స్‌కు తగులుకుంటుంది, ఫైనల్ రెండర్ (పూర్తి వీడియో ఫైలు తయారీ) అక్కడే. డెలివర్ పేజీలో ‘యూజ్ ప్రాక్సీ మీడియా’ టిక్ తీసి ఉందో లేదో చూసుకోవాలి. మూడు సిస్టమ్స్‌లోనూ ఒకే వెర్షన్ ఉండాలి, కొత్త వెర్షన్‌లో చేసిన ప్రాజెక్ట్‌ను పాతది తెరవదు. సీజన్ మధ్యలో అప్‌డేట్ జోలికి పోం. క్యాషే ఫోల్డర్‌ను (రిజాల్వ్ తాత్కాలికంగా రాసుకునే ఫైళ్లది) మాత్రం ఏ కంప్యూటర్‌ది ఆ కంప్యూటర్‌లోనే పెట్టండి, ఊళ్ల మధ్య తిరిగే డ్రైవ్ మీద పెడితే అనవసరంగా నిండిపోతుంది.

ఇలా ఊళ్ల మధ్య తిరిగే డ్రైవ్‌కు విండోస్, మ్యాక్ రెండూ రాయగలిగే ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ తప్పదు. విండోస్ సొంత ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే మ్యాక్ చదువుతుంది గానీ రాయదు. ఎక్స్‌ఫ్యాట్‌లో జర్నలింగ్ (చేయబోయే మార్పులను ముందే రాసిపెట్టుకోవడం) ఉండదు, రాస్తుండగా ఎజెక్ట్ చేయకుండా లాగేసినా, కరెంటు పోయినా ఫైళ్ల పట్టిక చెడే అవకాశం ఉంది. కాబట్టి యూపీఎస్ లేని చోట కాపీ మొదలుపెట్టను, పటమటలోనే ఉండిపోయే డ్రైవ్‌లన్నీ ఎన్‌టీఎఫ్‌ఎస్సే. మ్యాక్‌లో వాడి తెచ్చిన డ్రైవ్‌లో చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే బుల్లి ఫైళ్లు ప్రతి క్లిప్ పేరుతోనూ కనిపిస్తాయి. అవి వీడియోలు కావు, ఇంపోర్ట్ చేయకండి.

ఎన్‌ఏఎస్ (నెట్‌వర్క్ మీద అందరూ కలిసి వాడుకునే డిస్క్‌ల పెట్టె) గురించి చాలామంది అడుగుతున్నారు. మామూలు గిగాబిట్ నెట్‌వర్క్‌లో సెకనుకు 110 ఎంబీ దాకా వస్తుంది, ప్రాక్సీలతో పటమటలో ఇద్దరూ హాయిగా పని చేస్తున్నారు. ఒక్కడే ఎడిటర్ ఉన్న స్టూడియోకు అది అక్కర్లేదు, ఆ డబ్బుతో రెండు పెద్ద హార్డ్ డిస్క్‌లు కొనుక్కోవడం మేలు. కొనేటప్పుడు డెస్క్‌టాప్ సైజువి తీసుకోండి. 2 టీబీ, ఆపైన వచ్చే చిన్న పోర్టబుల్ హార్డ్ డిస్క్‌లు చాలావరకు ఎస్‌ఎమ్‌ఆర్ (డేటా వరుసలను కొంత ఒకదాని మీద ఒకటి పడేలా రాసే) రకం, కొంత డేటా రాశాక వేగం బాగా పడిపోతుంది.

అసలు భయం వేరే ఉంది. 2024 సెప్టెంబరు మొదటివారంలో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం నీళ్లలో ఉన్నప్పుడు, అక్కడ కింది అంతస్తులో పని చేసుకునే మా తోటి వీడియోగ్రాఫర్ ఒకాయన రెండు బ్యాకప్‌లూ ఒకే బీరువాలో ఉన్నాయి. కంప్యూటర్, మొదటి కాపీ, రెండో కాపీ మూడూ ఒకే నీళ్లలో. ఇంకా ఇవ్వాల్సిన పెళ్లిళ్లు ఉన్నాయి అందులో. ఆ కుటుంబాలకు ఫోన్ చేసి చెప్పడం ఎంత కష్టమో ఆయన గొంతులో విన్నాను. మాకు అప్పటికే మూడో కాపీ గుంటూరులో ఉంది. ఆ తర్వాత దాన్ని ఇంకా కచ్చితం చేశాం: పెళ్లి అయిన వారంలోపు ఒక హార్డ్ డిస్క్ కృష్ణ దాటాలి.

దాచే కాపీకి ఎస్‌ఎస్‌డీ పనికిరాదు. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో ఉంటే అందులో డేటాకు భరోసా లేదు, పైగా టీబీకి ధర హార్డ్ డిస్క్ కన్నా చాలా ఎక్కువ. హార్డ్ డిస్క్‌లను కూడా పెట్టి మరిచిపోకూడదు. ముహూర్తాలు ఉండని ఆషాఢంలో మేం ఒక్కొక్కటీ తీసి తగిలించి, పాత పెళ్లి ఒకటి తెరిచి ప్లే చేసి చూస్తాం. శబ్దం తేడాగా ఉన్నా, కాపీ వేగం పడిపోయినా అదే రోజు కొత్తదానికి మారుస్తాం. రా ఫుటేజ్ (ఎడిట్ చేయని ఒరిజినల్) ఎంతకాలం ఉంచుతామో అడ్వాన్స్ తీసుకునే రోజే కాగితం మీద రాసిస్తున్నాం, పెన్‌డ్రైవ్ ఇచ్చిన రోజు నుంచి ఏడాది. ఆపైన కావాలంటే హార్డ్ డిస్క్ వాళ్లు తెచ్చుకుంటే కాపీ చేసి ఇస్తాం.