జాగ్రత్త: ఆ ‘10 గ్రాముల’ మోనోఫిలమెంట్ కొనకండి, కొన్నవాళ్లు దాన్ని నమ్మకండి

షుగర్ ఉన్నవాళ్ల పాదాల్లో స్పర్శ తగ్గిందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారే, ఆ మోనోఫిలమెంట్ కిట్ గురించే చెబుతున్నాను. నీలం పెట్టె, మడిచే ప్లాస్టిక్ పిడి, చివర నైలాన్ పోగు, పిడి మీద ‘10 గ్రా.’ అని స్టిక్కర్. వాడినవాళ్లకు ఎవరు అమ్ముతున్నారో ఇట్టే అర్థమైపోతుంది, పేరు రాయను. ఇప్పుడే వాళ్లతో చాట్ ముగిసింది, కోపం ఇంకా దిగలేదు, కాస్త ముందువెనకలుగా రాసినా ఏమీ అనుకోకండి.

మా నాన్నకు షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. ఏడాదికోసారి డాక్టర్ దగ్గర పాదాల పరీక్ష ఎలాగూ ఉంటుంది, మధ్యలో ఇంట్లో కూడా చూస్తుంటే మంచిదని ఇది తెప్పించాను. ఎలా వాడాలో తెలుసుకునే మొదలుపెట్టాను. కళ్లు మూసుకోమని, ముందు చేతి మీద ఆనించి ఎలా ఉంటుందో తెలిసేలా చేసి, తర్వాత బొటనవేలి అడుగున, వేళ్ల మొదట్లో అరికాలి మీద పోగును నిటారుగా పెట్టి, అది వంగేదాకా నొక్కి ఒకటి రెండు సెకన్లు ఉంచి తీయాలి. ఆనెకాయల మీద పెట్టకూడదు. ఊహించి చెప్పకుండా ఉండటానికి మధ్యమధ్యలో అసలు పెట్టకుండానే ‘తగిలిందా’ అని అడగాలి. అన్నీ అలాగే చేశాను. పెట్టిన ప్రతి చోటా నాన్న ‘తగిలింది’ అనేవారు. మా ఇంట్లో అందరం నిశ్చింతగా ఉన్నాం.

మొన్న ఏడాది పరీక్షకు వెళ్లాం. డాక్టర్ గారు తన మోనోఫిలమెంట్ తీసి నాన్న బొటనవేలి కింద పెట్టారు. పోగు విల్లులా వంగడం నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. నాన్న కళ్లు మూసుకునే ‘ఇంకా మొదలుపెట్టలేదా డాక్టర్ గారూ?’ అని అడిగారు. రెండో కాలూ అంతే. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ మోగించి బొటనవేలి ఎముక మీద ఆనిస్తే ఆ అదురు కూడా తెలియలేదు. అదురు ఎంత బలంగా ఉంటే కాలికి తెలుస్తుందో వోల్టుల్లో కొలిచే బయోథీసియోమీటర్ పెట్టి చూస్తే రీడింగ్ 25 వోల్టులు దాటింది, అది దాటితే పాదాలకు పుండ్లు పడే ముప్పు బాగా ఎక్కువ. చిటికెన వేలి పక్కన చెప్పు పట్టీ ఒరుసుకుని బొబ్బ లేచి చితికిపోయి ఉంది, ఆయనకు ఆ సంగతే తెలియదు.

ఇంటికి రాగానే ఆ కిట్ తీశాను. వంటింట్లో ఒక్కో గ్రామూ చూపించే డిజిటల్ కాటా ఉంది. దాన్ని సున్నాకు తెచ్చి పోగును నిటారుగా దాని మీద పెట్టి నొక్కాను. 10 దగ్గర వంగాలి. 10 దాటింది, 15 దాటింది, 20 కూడా దాటింది, పోగు నిలువుగానే ఉంది. 28 దగ్గర ఎట్టకేలకు కాస్త వంపు తిరిగింది. మళ్లీ మళ్లీ చూసినా కాస్త అటూ ఇటూగా అంతే.

ఈ పరికరం మొత్తం ఆధారపడేది ఆ వంగడం మీదే. సరైన పోగైతే 10 గ్రాముల ఒత్తిడి రాగానే వంగిపోతుంది, వంగాక ఇంకా నొక్కినా ఒత్తిడి పెద్దగా పెరగదు, కాబట్టి ఎవరి చేతిలో ఉన్నా పాదానికి తగిలే ఒత్తిడి దాదాపు ఒకటే. ఆ 10 గ్రాములు తెలియకపోతే కాలికి రక్షణగా ఉండాల్సిన స్పర్శ పోయిందని లెక్క. ఆ చోట దాదాపు మూడింతల బలంతో పొడిస్తే చాలావరకు స్పర్శ పోయిన కాలికి కూడా ఏదో ఒకటి తగిలినట్టే ఉంటుంది. అసలు పరీక్షే చేయకపోతే కనీసం అనుమానమైనా మిగులుతుంది. ఇది ఆ అనుమానాన్ని కూడా తీసేసింది.

ఇక చాట్ సంగతి. మొదట వచ్చిన జవాబు: ‘ప్యాకెట్ మీద 5.07 అని ఉంది కదా మేడమ్, అంటే 5 గ్రాములే, 10 కన్నా సున్నితమైనది, మీకు ఇంకా మంచిదే.’ 5.07 అనేది గ్రాములు కాదు, లాగరిథమ్ లెక్కలో ఆ పోగుకు ఇచ్చిన నంబర్, 5.07 అన్నా 10 గ్రాములన్నా ఒకటే పోగు. ఈ చిన్న విషయం కూడా తెలియనివాళ్లు దీన్ని షుగర్ పేషెంట్లకు అమ్ముతున్నారు! అదే చెప్పి, కాటా మీద తీసిన వీడియో పంపాను. చూసినట్టు గుర్తు పడింది. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఇది వచ్చింది: ‘మీ నాన్నగారికి తగులుతోందంటే సంతోషించాలి కదా మేడమ్, తగలకపోతే కదా కంప్లైంట్ చేయాలి?’

ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో. బొబ్బ ఫోటో పంపి, ఇది ఆయనకు తెలియలేదండీ, అందుకే మాట్లాడుతున్నాను అని రాశాను. దానికి ఒక్క ముక్క జవాబు లేదు. వాడిన వైద్య పరికరం వాపసు తీసుకోబడదు, మీ సమస్య పరిష్కరించబడింది అని మెసేజ్ వచ్చి చాట్ మూసుకుపోయింది. ఏ సమస్య పరిష్కరించారు? నా డబ్బు పోతే పోయింది, ఇదే పోగుతో ఇంకెన్ని ఇళ్లలో ‘తగిలింది, పర్వాలేదు’ అనుకుంటున్నారో అని నా బాధ. నేను రాసిన రివ్యూ కూడా ఇప్పుడు కనిపించడం లేదు.

ఆ కిట్ ఇంట్లో ఉన్నవాళ్లు ముందు కాటా మీద పెట్టి చూడండి. కాటా లెక్క అంత కచ్చితం కాకపోవచ్చు, కానీ 10కీ 28కీ తేడా దాచలేదు. మంచి పోగు కూడా వాడేకొద్దీ మెత్తబడుతుంది, వంకర తిరిగితే పారేయాల్సిందే. పోగు లేకపోయినా ఒక పద్ధతి ఉంది, ఇప్స్‌విచ్ టచ్ టెస్ట్ అంటారు: కళ్లు మూసుకోమని, రెండు కాళ్లకూ బొటనవేలు, నడిమివేలు, చిటికెన వేలి కొనల మీద మీ చూపుడు వేలితో తేలిగ్గా ఒకటి రెండు సెకన్లు తాకాలి, నొక్కకూడదు, తట్టకూడదు. ఆరింటిలో రెండు లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల తెలియకపోతే డాక్టర్‌కు చూపించండి. అన్నీ తెలిసినా సరే, ఏడాది పరీక్ష మానకండి. రోజూ అరికాళ్లు, వేళ్ల సందులు కంటితో చూడండి.

ఫిర్యాదు రాస్తున్నాను. మీ దగ్గరున్నది కాటా మీద ఎన్ని గ్రాముల దగ్గర వంగిందో, పెట్టె మీదున్న బ్యాచ్ నంబర్ ఏంటో నాకు పంపండి, వాటినీ కలిపి ఇస్తాను.